ఉల్లికాడలూ, మామగారి మాత్రా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



చలికాలం వచ్చిందంటే రైతుబజారులో ఉల్లికాడలు కట్టలు కట్టలుగా దిగుతాయి. ఉల్లాకు అనండి, ఉల్లిపొరక అనండి, అంతా ఒకటే. మొన్న నా పక్కన నిలబడ్డ ఒకావిడ రెండు కట్టలు కొని, "ఆ ఆకులు కోసేసి ఇవ్వవయ్యా, మోయలేను" అంది. నా ప్రాణం ఉసూరుమంది. డబ్బిచ్చి కొన్నదాంట్లో సగం, అందులోనూ మంచి సగం, అక్కడే వదిలేసి వెళ్ళింది కదా!

ఆ ఆకుపచ్చ కాడలో ఏముందో చెబుతాను, వినండి. 100 గ్రాముల ఉల్లికాడల్లో సుమారు 19 మిల్లీగ్రాముల విటమిన్ సి, రెండున్నర గ్రాముల పీచు వుంటాయి. కంటికి మేలుచేసే కెరోటిన్ ఆకుపచ్చ భాగంలోనే ఎక్కువ. గర్భిణీ స్త్రీలకు అవసరమైన ఫోలేటు కూడా కొంత దొరుకుతుంది. ఇక అడుగున వుండే తెల్లటి భాగంలో, పేగుల్లో మనకు మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమయ్యే ఒకరకం పీచు వుంది. అయితే అది కొందరికి కడుపుబ్బరం చేస్తుంది. అటువంటి వారికి పైనున్న ఆకుపచ్చ కాడే తేలిక. ఈమధ్య పెద్ద కొట్లలో లీక్ అని లావుపాటి కాడ ఒకటి కనిపిస్తోంది చూశారూ, అదీ ఈ వంశానిదే. మన ఉల్లికాడకు పెద్దక్క అనుకోండి.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. నిజమే. కానీ మా ఇంట్లో ఆ మేలే కాస్త శ్రుతి మించింది.

మా మామగారికి గుండెలో కవాటం మార్చారు. అప్పట్నుంచీ రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటారు, నెలనెలా రక్తపరీక్ష చేయించుకుంటారు. రెండేళ్ళ క్రితం చలికాలంలో ఉల్లికాడలు చవగ్గా వున్నాయని నేను మూడు వారాలు వరసగా వండేశాను. ఒకరోజు పెసరపప్పు వేసి, ఒకరోజు సెనగపిండి చల్లి, ఒకరోజు కోడిగుడ్డుతో. ఆయనకూ ఇష్టమే. ఆ నెల పరీక్షలో మందు సరిగా పనిచెయ్యడం లేదని తేలింది.

"మాత్ర మానేశారా?" అన్నారు డాక్టరుగారు. లేదన్నాం. "తిండిలో ఏమైనా మార్పు?" అన్నారు. "ఏమీ లేదండీ" అని ఠక్కున చెప్పాను. తరవాత ఉల్లికాడలు గుర్తొచ్చి చెబితే, ఆయన నవ్వి విషయం విప్పి చెప్పారు. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ జాతి మాత్రలు దాని పనిని అడ్డుకుంటాయి. ఉల్లికాడల్లోనేమో ఆ విటమిన్ దండిగా వుంది. 100 గ్రాములు తింటే ఒక మనిషికి రోజుకు కావలసినదానికంటే ఎక్కువే! మాత్ర ఒకవైపు లాగుతుంటే నేను రెండోవైపు లాగుతున్నానన్నమాట.

"అయితే ఇక వండనండీ" అన్నాను భయపడి. "అలా ఒక్కసారి మానినా ప్రమాదమేనమ్మా! అప్పుడు మందు మోతాదు ఎక్కువై రక్తస్రావం కావచ్చు. ఆకుకూరలు తినండి, కానీ వారం వారం ఇంచుమించు ఒకే కొలతలో తినండి" అన్నారాయన. పాలకూర, తోటకూరలకీ ఇదే మాట.

అంచేత మీ ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంటే, అది ఏ రకమో డాక్టరును అడగండి. అన్ని మాత్రలకీ ఈ పట్టింపు వుండదు. మీ అంతట మీరు మాత్రను మాత్రం తగ్గించడం, పెంచడం చెయ్యకండి.

మిగతావారికి ఏ బెంగా లేదు. కాడల మడతల్లో మట్టి వుంటుంది కనుక విడదీసి, పారే నీళ్ళలో రెండుసార్లు కడగండి. పచ్చిగా తినేటప్పుడు మరీ జాగ్రత్త. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో కలుషితమైన పచ్చి ఉల్లికాడల వల్ల 500 మందికి పైగా కామెర్ల జబ్బు వచ్చింది, ముగ్గురు చనిపోయారు. కాసిని నూనెలో వేయిస్తే కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది. ఎక్కువసేపు మగ్గనిస్తే విటమిన్ సి పోతుంది. కాబట్టి ఆకుపచ్చ ముక్కలు చివర్లో వెయ్యండి.

వేళ్ళున్న అంగుళం ముక్కను కూడా పారెయ్యకండి. పగిలిన బక్కెట్లో కాస్త మట్టి పోసి గుచ్చితే మళ్ళీ చిగురిస్తుంది. మా బాల్కనీలో ఇప్పుడు అదే పంట. మామగారికి వారానికి రెండుసార్లు, కొలిచి గుప్పెడు.