పెరటి కూరమడి



పద్దులు వ్రాసికొని బ్రదుకువాడను. ఈ రజతోత్సవ సభలో నేను భారతము చెప్పుదునని పలువురు తలచియుందురు. భారతముతోనే మొదలిడి పెరటిలోనికి పోయెదను.

అరణ్యపర్వమున యక్షుడు, సంతోషముగా నుండువాడెవ్వడని ధర్మరాజు నడుగును. అప్పు లేక, పరదేశమున కేగక, ఆలస్యముగానైనను తన యింట ఇంత కూరాకు వండుకొనువాడే యని ధర్మజుడు బదులు చెప్పును. లెక్కలవాడను గనుక ముప్పదియేండ్లుగా నాకు అందులో అప్పు అను మాటయే కనబడినది. కూరాకు కనబడలేదు.

మా అమ్మాయి పురిటికి వచ్చినపుడు పరీక్షలో రక్తము ఎనిమిదే యని తేలినది. గర్భిణికి పదునొకండైన నుండవలెనట. ఆ రాత్రి ఇంటిపద్దు విప్పి చూచితిని. ఆ నెలలో టీపొడికి, చక్కెరకు వారము వారము పద్దున్నది, ఆకుకూరకు రెండే. పెరడు మాత్రము బీడు!

మన తల్లులు కూరాకు కొని యెఱుగరు. లంకాసాగరు ఆయకట్టు గట్లపై గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి కోసి కొంగున కట్టి తెచ్చెడివారు. పత్తికిని మిరపకును మందులు, గట్లకు కలుపుమందులు వచ్చిన పిదప అచ్చట ఆకు త్రుంపుటకు చేయి రాదు. ఇక కూర పెరటికే రావలెను.

ముందు మెంతులు. రాత్రి నానబెట్టి, ఉదయము తట్టలో రెండు వ్రేళ్ల మందము మన్ను పఱచి, పైని ఒత్తుగా చల్లి, తడిగుడ్డ కప్పవలెను. మొలక కనబడగనే గుడ్డ తీసి వెలుతురున నుంచవలెను. పది పన్నెండు దినములకు కత్తెరతో కోసి, కడిగి, నానిన పెసరపప్పుతో పచ్చిగనే తినవచ్చును. పట్టణములలో దీనినే మైక్రోగ్రీన్స్ అని చిన్న పెట్టెలలో అమ్ముచున్నారు. మందు పట్టించిన విత్తనములు దీనికి వలదు. వంటింటి మెంతులే మేలు. నీరెక్కువైన బూజు పట్టును. నా మొదటి తట్ట అట్లే పోయినది.

తోటకూర విత్తు ఆవగింజ కంటె సన్నము. ఇసుకలో కలిపి చల్లనిచో ఒక్కచోటనే గుంపుగా మొలచును. నెలకు కోతకు వచ్చును. పెఱుకక, రెండు కణుపులు విడిచి కోసినచో మరల చిగుర్చును. గోంగూరయు నంతే. బచ్చలికి ముదురు తీగముక్క చాలును. మన వేసవికి కొత్తిమీర నిలువదు, దానితో పోరాడకుడు. బియ్యము కడిగిన నీరు మడికి పోయుడు, సబ్బునీరు వలదు.

ఆకును నమ్మి ఆసుపత్రివారి ఇనుపమాత్రలు మానరాదు. మా అమ్మాయి రెండును తిన్నది. పురిటినాటికి రక్తము పది దాటినది. కూరపై నిమ్మరసము పిండిన అందలి ఇనుము ఒంటికి బాగుగా పట్టును. భోజనము కాగానే టీ త్రాగిన ఆ మేలు తగ్గును. ఈ రెండవ మాట మా యింట నాకే కష్టమైనది.

తోటకూర విత్తు పొట్లములు కట్టి తెచ్చి పుస్తకముల బల్లపై నుంచితిని. పుస్తకము వలెనే కొనిపొండు. కంకి ముదిరిన పిదప అంతే విత్తు తిరిగి తెండు. పద్దు నేను వ్రాసికొందును.