చిన్నపిల్లల టీచర్ కావాలనుకునే మన చెల్లెళ్లకు, తమ్ముళ్లకు
(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మైకు ముందు మాట్లాడటం మాకు అలవాటు లేదు. మూడేళ్ల పిల్లల ముందు పొద్దంతా మాట్లాడతాం గాని ఇంతమంది పెద్దవాళ్లను ఒకేచోట చూస్తే నోరు ఎండుతోంది. అందుకే ఉట్నూర్ ఏజెన్సీ గూడేల్లో అంగన్‌వాడీ కేంద్రాలు నడుపుతున్న కొందరం నాలుగు సాయంత్రాలు కూర్చుని ఈ మాటలు రాసుకొచ్చాం. ఒకరం చదువుతున్నాం, మాటలు మాత్రం అందరివీ.

గూడెంలో చదువుకున్న పిల్లలు మమ్మల్ని చూడగానే అడిగేది ఒక్కటే. "అక్కా, పోస్టులు పడ్డాయా?" అడగడంలో తప్పులేదు, మేమూ ఒకప్పుడు అట్లనే అడిగాం. కానీ పోస్టు వస్తే ఆ గదిలో ఏం చేయాలి, దానికి ఇప్పటినుంచి ఏం నేర్చుకోవాలి అని అడిగినవాళ్లు చాలా తక్కువ. ఈరోజు ఆ సంగతే చెబుతాం.

మొదట మా తప్పు చెప్పుకోవాలి.

మాలో ఒకరి కేంద్రానికి కొన్నేళ్ల కింద ఒక కొలాం పాప వచ్చింది. మూడేళ్లు నిండాయి. ఉదయం తల్లి దింపి వెళ్లేది, పాప గోడకు ఆనుకుని కూర్చునేది. పాట పాడితే చూసేది, గుడ్డు ఇస్తే తినేది, పిలిస్తే తల దించుకునేది. రెండు నెలలు ఒక్క మాట లేదు. మిగతా పిల్లలంతా గోండు ఇళ్లవాళ్లు, వాళ్లతో గోండిలో మాట్లాడుతున్నాం, మధ్యమధ్య తెలుగు నేర్పుతున్నాం, అంతా బాగానే ఉందనుకున్నాం. చివరికి తల్లితో అన్నాం, "బిడ్డకు మాటలు సరిగా రావట్లేదు, దవాఖానలో చూపించు" అని. ఆమె మా ముఖం చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మరుసటి రోజు పాపను తీసుకురాలేదు.

మూడో రోజు మేమే ఇంటికి వెళ్లాం. గుమ్మం బయటికే పాప గొంతు వినిపించింది. మేకపిల్లను తిడుతోంది. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, కొలామీలో. మేము లోపలికి అడుగుపెట్టగానే ఆ గొంతు ఆగిపోయింది.

మనం చిన్నప్పుడు బడికి వెళ్తే సారు తెలుగులో అడిగింది అర్థం కాక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాం. "గోండు పిల్లలకు చదువు ఎక్కదు" అన్న మాట విన్నాం. అది తలుచుకుని ఇప్పటికీ కోపం తెచ్చుకుంటాం. మరి ఆ పాపకు మేము చేసింది వేరే ఏముంది? ఇంటిని మనం రోన్ అంటాం, కొలాం వాళ్లు ఎల్ల అంటారు, తెలుగులో ఇల్లు అంటారు. ఎల్లకూ ఇల్లుకూ ఉన్న దగ్గరితనం గోండికి లేదు. అంటే ఆ పాపకు మేము తెలుగే మాట్లాడినా ఒకటి రెండు మాటలు అందేవేమో! కొలాం పెద్దవాళ్లు మనతో గోండిలో మాట్లాడతారు కాబట్టి పిల్లలకూ వచ్చనుకున్నాం. మూడేళ్ల పిల్లకు అమ్మ మాట తప్ప ఇంకేం వస్తుంది?

అప్పుడు మేము చేసింది పెద్ద పనేం కాదు. ఆ తల్లినే వారానికి రెండు రోజులు ఒక గంట కూర్చోమని బతిమాలాం. ఆమె దగ్గర నీళ్లు, ఆకలి, ఒంటికి పోవాలి, అమ్మ వస్తుంది, నొప్పి, రా, కూర్చో – ఇలాంటి ముప్పై నలభై మాటలు కొలామీలో నేర్చుకుని నోటుబుక్కులో రాసుకున్నాం. మా ఉచ్చారణ విని పాప మొదటిసారి నవ్వింది. తప్పు పలికితే సరిదిద్దడం మొదలుపెట్టింది. దాని మొదటి మాటలన్నీ మమ్మల్ని దిద్దడానికే ఖర్చయ్యాయి.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పనికి తయారు కావడం అంటే మొదట మీ గూడెంలో ఎన్ని ఇళ్లల్లో ఎన్ని భాషలు మాట్లాడుతున్నారో తెలుసుకోవడం. గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ, తెలుగు – ఒకే గూడెం చుట్టుపక్కల ఇవన్నీ ఉంటాయి. గోండి వచ్చినంత మాత్రాన గూడెమంతా వచ్చినట్టు కాదు.

మన భాషలో బడి నడపవచ్చా అని అనుమానపడేవాళ్లు మార్లవాయి సంగతి గుర్తుచేసుకోవాలి. జైనూర్ మండలంలోని ఆ ఊళ్లో హైమన్‌డార్ఫ్, బెట్టీ దంపతుల సమాధుల దగ్గరికి మనం ఏటా జనవరి 11న వెళ్తాం, దండం పెట్టుకుంటాం. కానీ అక్కడ 1943లో ఒక టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? కొద్దోగొప్పో మరాఠీ చదవడం వచ్చిన గోండు యువకులను తెచ్చి, వాళ్లనే టీచర్లుగా తయారుచేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. కొమురం భీం అమరుడై అప్పటికి మూడేళ్లే. నిజాం సర్కారుకు ఆదివాసుల మీద ప్రేమ పుట్టి ఇదంతా చేసిందని మేము అనం, జోడేఘాట్ తర్వాత కదలక తప్పలేదు. ఏమైనా బడిలో గోండి మోగింది. తర్వాతి కాలంలో అది ఆగిపోయింది. మళ్లీ 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కొలామీ, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా – ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక బళ్లకు పుస్తకాలు తయారుచేశారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. దారి లేదని ఎవరూ అనలేరు. నడిచేవాళ్లు మధ్యలో ఆగిపోతున్నారు, అంతే.

ఇక గది లోపలి పని. మూడేళ్ల పిల్లకు పలక ఇచ్చి 'అ' దిద్దించడమే చదువని మన తల్లిదండ్రులు అనుకుంటారు. మండల కేంద్రంలో ప్రైవేటు బడి బస్సు గూడెం దాకా వస్తోంది, అందులో ఎల్‌కేజీ పిల్ల ఇంగ్లీషు రైమ్ చెబుతోంది. దాన్ని చూసి మన దగ్గరికి వచ్చి "మీరు ఆటలే ఆడిస్తున్నారు" అంటారు. వాళ్ల మీద కోపం వద్దు, బిడ్డ బాగుపడాలనే కదా. కానీ ఆ చేతిని ఒకసారి చూడమనండి. బలపం పట్టే వేళ్లకు ముందు బలం రావాలి. మట్టి పిసకాలి, జొన్న గింజలు ఒక్కొక్కటి ఏరాలి, దారానికి పూసలు గుచ్చాలి, ఆకు చింపాలి. ఇవన్నీ చేసిన చేయి ఐదేళ్లకు అక్షరం దానంతటదే రాస్తుంది. మనకు బొమ్మల దుకాణం అక్కర్లేదు. ఇప్ప గింజలు, మొక్కజొన్న బెండ్లు, తునికాకులు, వాగులో నున్నటి రాళ్లు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, మూడేళ్ల లోపు పిల్లలు కూడా తిరిగే గదిలో చిన్న గింజలు కింద వదలొద్దు, ముక్కులోనో గొంతులోనో పెట్టుకుంటారు.

లెక్కలు కూడా మన ఇంట్లోనే ఉన్నాయి. ఉండి, రండ్, ముండ్, నాలుంగ్, సయ్యుంగ్ అని గింజలు పేర్చి లెక్కపెట్టించండి. మన సగలే అంకెలు కదా! నాలుగు దేవుళ్ల వాళ్లు, ఐదు దేవుళ్ల వాళ్లు, ఆరు, ఏడు దేవుళ్ల వాళ్లు. "మీ ఇంటివాళ్లు ఎన్ని దేవుళ్ల వాళ్లు?" అని నాలుగేళ్ల పిల్లను అడిగి అన్ని రాళ్లు తెమ్మంటే పరిగెత్తుకెళ్లి తెస్తుంది. మేము ఈ ఆట మొదలుపెట్టాక ఇంటికెళ్లి తాతను అడిగి వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. మెస్రం ఇంటి పిల్లవాడు ఏడు రాళ్లు తెచ్చి, నాగోబా జాతర మా వాళ్లదేనని మిగతావాళ్ల ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత తెలుగు అంకెలు, ఆ తర్వాత పలక మీద గుర్తులు. తెలుగు వద్దని కాదు. ఒకటో తరగతికి వెళ్లే పిల్లకు తెలుగు కావాలి, ముందుముందు ఇంగ్లీషూ కావాలి. తెలిసిన మాట పక్కన తెలియని మాట పెట్టి మెల్లగా దాటించాలి, అంతే గాని మొదటి రోజే నీళ్లలోకి తోయొద్దు.

తయారీలో ఇంకో భాగం ఎవరికీ ఇష్టం ఉండదు. రిజిస్టర్లు, తూకాలు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్. 2021లో ఆ యాప్ వచ్చినప్పటి నుంచి సిగ్నల్ కోసం గుట్టెక్కిన టీచర్లు మాలో ఉన్నారు, నవ్వకండి. పిల్లల కంటే ఫోన్‌నే ఎక్కువ చూస్తున్నామని మాకే అనిపిస్తుంది. అయినా ఆ తూకాన్ని చులకన చేయొద్దు. ఒక ఏడాది పత్తి తీసే రోజుల్లో తల్లులు పిల్లలను చేనుకు తీసుకెళ్తుంటే, మాలో ఒకరు ఒక బాబుకు పోయిన నెల బరువే ఈ నెలా రాసేశారు. ఆ తర్వాతి నెలా అదే అంకె. మూడో నెల నిజంగా తూస్తే బాబు పటంలో ఆకుపచ్చ దాటి కిందికి జారిపోయి ఉన్నాడు. దండ చుట్టుకొలత పట్టీ వేస్తే 11.5 సెంటీమీటర్ల లోపే వచ్చింది. అది తీవ్రమైన పోషణ లోపం. దవాఖానలో ఉంచి కాపాడుకున్నాం. ఆ రెండు అంకెలు ఎవరు రాశారో మాకు తెలుసు, ఆమె ఈ సభలోనే ఉంది, ఈ మాట చెప్పమని ఆమే అన్నది. ఇప్పుడు పత్తి రోజుల్లో తూకం సంచిలో పెట్టుకుని చేనుకే వెళ్తాం.

అర్హతల సంగతి. ఒకప్పుడు పదో తరగతి ఉంటే చాలన్నారు, ఇప్పుడు ఇంటర్ వైపు జరుగుతోంది. నోటిఫికేషన్ వచ్చాక వెతుక్కోకుండా ఇంటర్ పూర్తిచేసి పెట్టుకోండి. కుల, స్థానిక ధ్రువపత్రాలు ముందే తీసిపెట్టుకోండి. చివరి రోజు మీసేవ ముందు క్యూలో నిలబడి అవకాశం పోగొట్టుకున్నవాళ్లను మేము చూశాం. ఇంటర్ తర్వాత డీసెట్ రాస్తే రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమా ఉంది, దాన్నే డీపీఎస్‌ఈ అంటారు. ఎస్టీలకు ఇంటర్‌లో 45 శాతం మార్కులు చాలు. ఇంట్లో ఉండి చదివేవాళ్లకు ఇగ్నోలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద డిప్లొమా ఉంది. డబ్బు గురించి కూడా దాచొద్దు. అంగన్‌వాడీ టీచర్‌కు వచ్చేది గౌరవ వేతనం. మన రాష్ట్రంలో 2021లో పెంచినప్పుడు నెలకు 13,650 రూపాయలు అయింది. దాని కోసం రోడ్డెక్కిన వాళ్లం కూడా ఇక్కడ కూర్చున్నాం. తెలిసి రండి.

తమ్ముళ్లు అడగొచ్చు, అంగన్‌వాడీ పోస్టు ఆడవాళ్లకే కదా, మాకేం పని అని. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంటోంది. అంటే ఒకటి, రెండు తరగతుల టీచర్ కూడా ఈ పనిలోనే ఉన్నాడు. డీఈఎల్‌ఈడీ చేసి ఆ తరగతులకు రండి. చిన్నపిల్లలకు మగవాళ్లు పాట పాడకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు. దండారిలో మీరు ఆడే ఆట చూసి పిల్లలు ఎట్లా వెంటపడతారో మీకే తెలుసు.

అయితే ఒక కష్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరపు జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దాని కోసం పోరాటం పెద్దలు చేస్తున్నారు, చేయాలి కూడా. కానీ ఆ తీర్పు తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పటికే మా గదుల్లో కూర్చున్నారు. జీవో తిరిగి వచ్చేదాకా వాళ్లు ఆగరు కదా. పరీక్షలో నెగ్గి రాగల మన పిల్లలు కావాలి, పిల్లల భాష వచ్చిన టీచర్లూ కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

సంఘానికి ఒక విన్నపం. మన అవ్వలు పిల్లలను నిద్రపుచ్చుతూ పాడే పాటలు, చెప్పే పొడుపుకథలు ఫోన్‌లో రికార్డు చేసి ఒకచోట పెట్టండి. గోండివి, కొలామీవి రెండూ. ఒక్కో గూడెం నుంచి ఇద్దరు యువకులు పూనుకుంటే ఒక వేసవిలో అయిపోతుంది. పాడే అవ్వ పేరు, ఊరు కూడా రాయండి, ఆమె ఒప్పుకుంటేనే పెట్టండి.

చివరగా, పుస్తకం చదివి ఈ పని మీకు సరిపోతుందో లేదో తెలియదు. మా కేంద్రాలకు వచ్చి ఒక వారం కూర్చోండి. ముందురోజు చెబితే సూపర్‌వైజర్ మేడమ్‌ను అడిగి పెడతాం. ఉదయం తాళం తీసేటప్పుడే రండి, పిల్లలు వచ్చాక కాదు. గది ఊడవాలి, నీళ్లు పట్టాలి, గోడకు ఆనుకుని కూర్చునే పిల్ల ఎవరో చూడాలి. మంచి చొక్కా వేసుకోకండి, ముక్కులు తుడవాల్సి వస్తుంది.

రామ్ రామ్.