పనిచోటి గాలి: వాసనల నిషేధంపై మన వైఖరి
(జాతీయ సమితి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో ఈ అంశం చూసి కొందరు మిత్రులు నవ్వుకొన్నారని నాకు తెలియును. ఖాళీ పోస్టులు, పింఛను, కాంట్రాక్టు నియామకాలు ఇన్ని నెత్తిమీద వుండగా, అగరుబత్తీల గురించి, అత్తరు గురించి జాతీయ సమితి చర్చించవలెనా అని వారి ప్రశ్న. ఒకప్పుడు నేనూ ఇట్లాగే నవ్వినవాడినే. ముందు ఆ సంగతి మనవి చేస్తాను.

అది 1998వ సంవత్సరం. నేను బ్రాంచి కార్యదర్శిగా వున్నాను. ఒక ఆర్.ఎమ్.ఎస్. కార్యాలయంలో రాత్రి సెట్టులో పనిచేసే సార్టరు ఒకరికి ఉబ్బసం. సెట్టు మొదలు కాగానే దేవుని పటం ముందు గుప్పెడు అగరుబత్తీలు వెలిగించేవారు. ఆపైన దోమలు పోవాలని సాంబ్రాణి. కిటికీలు తెరిస్తే ఉత్తరాలు ఎగిరిపోతవి గనుక అన్నీ మూసి వుండేవి. సంచుల దుమ్ము సరేసరి. తెల్లవారుజామున ఆయన బయట మెట్లమీద కూర్చుని, ఈల వేసినట్లు ఊపిరి తీయడం నేను కళ్ళారా చూసినాను. ఆయన దరఖాస్తు పెట్టుకొన్నారు. అధికారులు విచారణ జరిపి, అగరుబత్తీలను మార్చలేదు, ఆయననే మార్చినారు, ఇంటికి చాలా దూరపు ఊరికి.

"అన్నా, సంఘం తరపున ఒక్క మాట చెప్పండి" అని ఆయన నా వద్దకు వచ్చినారు. "దేవుని దగ్గరి ధూపం జోలికి పోతే సగం సభ్యత్వం పోతుంది తమ్ముడూ" అని నచ్చజెప్పి పంపినాను. లెక్క ప్రకారం నేనన్నది తప్పు కాకపోవచ్చును. కాని అది సంఘ కార్యదర్శి అనవలసిన మాట కాదు.

ఇటువంటి వారు ఎందరుంటారని అడిగేవారికి ఒక్క మనవి. మృగశిర కార్తె రోజున నాంపల్లి స్టేషనులో డ్యూటీ చేసినవారిని అడగండి. చేపమందు కోసం దిగే జనాన్ని వారు చెబుతారు. ఆ మందు గుణం మాట అటుంచండి; ఆ ఆయాసం మాత్రం నిజమైనది.

మిత్రులారా, బీడీ, సిగరెట్టు పొగ విషయంలో మనం ఈ దారి ఒకసారి నడిచినాము. 1989 రైల్వే చట్టం 167వ సెక్షను చూడండి. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగరాదని అందులో వున్నది. పూర్తిగా నిషేధించే అధికారం యాజమాన్యానికి అదే సెక్షనులో ఇచ్చినారు గాని, సామాన్యంగా జరిగినదేమి? దగ్గుతో బాధపడేవాడే లేచి అభ్యంతరం చెప్పవలె, పదిమంది చేత మాట పడవలె. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు రైళ్ళతో సహా బహిరంగ స్థలాలలో ధూమపానాన్ని నిషేధించినది. 2003లో చట్టం వచ్చినది. 2008 అక్టోబరు 2 నుండి అమలైన నియమాలు, పొగ లేకుండా చూసే బాధ్యతను ఆ స్థలం యజమాని మీద, మేనేజరు మీద పెట్టినవి. పెట్టెలలో, కార్యాలయాలలో గాలి బాగుపడినదంటే అందులో ఈ మార్పు పాత్ర పెద్దది. అభ్యంతరం చెప్పే భారం రోగి మీది నుండి యాజమాన్యం మీదికి వెళ్ళినది. నేటి చర్చకు ఇదే కీలకమని నా అభిప్రాయం.

అయితే వాసన పొగ వంటిది కాదు. పొగ ఎవరికైనా హానియే. సువాసన ఒకరికి పూజ, మరొకరికి వ్యాధి. 2014లో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో ఏడాకులపాల మొక్కలు విరివిగా నాటినారు. ఇప్పుడు శరదృతువులో అవి పూస్తే ఆ ఘాటుకు ఊపిరాడడం లేదని, చెట్లు తొలగించవలసినదని నగరవాసులు అర్జీలు పెట్టుకొన్నారు. అదే చెట్టు శాంతినికేతనంలో పూజ్యమైనది. విశ్వభారతి స్నాతకోత్సవంలో ఒకప్పుడు పట్టంతోపాటు దాని ఆకులే ఇచ్చేవారు.

విదేశాలలో కొందరు నిషేధం వైపే మొగ్గినారు. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో 1990ల నుండి ఆసుపత్రులు, బడులు పరిమళాలు పూసుకొని రావద్దని కోరుతున్నవి. అమెరికాలో 2010లో డెట్రాయిట్ నగరపాలక సంస్థ, తోటి ఉద్యోగి వాడే పరిమళం వల్ల ఊపిరాడని ఒక ఉద్యోగినికి 1,00,000 డాలర్లు చెల్లించి, సువాసన ద్రవ్యాలు మానవలసినదని తన సిబ్బందిని కోరుటకు అంగీకరించినది. ఐరోపా సమాజం వేరొక దారి తీసినది. ఎలర్జీ కలిగించగల 26 పరిమళ పదార్థాలు నిర్ణీత మోతాదు మించితే సీసామీద పేరుపేరునా ముద్రించవలెనని 2005 నుండి విధించినది. తరువాత ఆ జాబితాను బాగా పెంచినారు.

మనం దీనిని యథాతథంగా దిగుమతి చేసుకొనరాదు. ఎందుకంటే మన దేశంలో "వాసన" అనే మాటకు ఒక పాపిష్టి చరిత్ర వున్నది. ఎవరి బుట్ట కంపు, ఎవరి ఒళ్ళు కంపు, ఎవరి అన్నం డబ్బా కంపు అని వేరుగా కూర్చోబెట్టిన చరిత్ర అది. వాసనలు నిషేధమని ఒక సర్క్యులరు వస్తే మొదట రైలు దింపేది అత్తరు పూసుకొన్న ఆఫీసరును కాదు, చేపల గంపతో ఎక్కిన ముసలమ్మను. విశ్రాంతి గదిలో ఎండుచేపల కూర తెచ్చుకొన్న పాయింట్స్‌మన్‌ను. ఉద్యోగిని జడలోని మల్లెపూల మీద సూపరింటెండెంటుకు పెత్తనం వస్తుంది. ముక్కుకు నచ్చకపోవడం వేరు, ఊపిరి ఆడకపోవడం వేరు. మొదటిదానికి సంఘం ఎన్నడూ మద్దతు ఇవ్వరాదు.

వేరుశనగ పడనివారి కోసం అమెరికాలో ఒక పెద్ద విమాన సంస్థ 2018లో వాటిని పంచడం మానినది. మన రైళ్ళలో పల్లీలమ్మే కుర్రవాని గంప లాక్కొనడానికి ఇది సాకు కారాదు. పొట్లాల ఆహారం మీద వేరుశనగ, పాలు, గుడ్డు, చేప వంటివి వున్నవో లేవో తెలుపవలెనని 2020 ఆహార నిబంధనలు చెబుతున్నవి. ప్యాంట్రీ కారు వంటకు కూడా అట్టి చీటీ అంటించమనడం న్యాయం.

ఇక అసలు గాలి పాడుచేస్తున్నవి ఏవి? మూత్రశాలలో నాఫ్తలీన్ గోళీలు, మూసిన కౌంటరు గదిలో ఫినాయిలు, ఏ.సి. గదిలో గంటగంటకూ బుస్సుమనే పరిమళ యంత్రం. ఇవి యాజమాన్యం కొని పెట్టినవి. వీటికి ఎవరి అనుమతి అడిగినారు?

2020 జూలైలో గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు 16 వ్యాన్ల పార్సెలు రైలులో ఎండుమిరపకాయలు వెళ్ళినవి. విదేశానికి అట్టి రైలు అదే మొదటిదని పత్రికలు రాసినవి. మనకూ గర్వమే. కాని మిరప బస్తా ఎత్తి దించే హమాలీ, లెక్క రాసుకొనే పార్సెలు గుమాస్తా ఆ కోరు పీల్చి ఎట్లా తుమ్మి, ఎట్లా దగ్గుతారో గుంటూరు మిత్రులకు వేరే చెప్పనక్కర లేదు. వైద్యశాస్త్రం ప్రకారం అది ఎలర్జీ కాదు, ఘాటు మాత్రమేనట. ఊపిరితిత్తులకు ఈ నిర్వచనాలు తెలియవు.

పట్టాల పక్కన వయ్యారిభామ సంగతి మరీ అన్యాయం. (అంత చక్కని పేరు ఆ కలుపుకు ఎవరు పెట్టినారో గాని!) 1950ల మధ్యలో పూణే వద్ద కనబడిన ఆ మొక్క నేడు దేశమంతటా వున్నది. దాని స్పర్శకు చర్మం పుండ్లు పడుతుంది, పుప్పొడికి ఆయాసం వస్తుంది. దానిని తినే మెక్సికో పురుగును 1984 ప్రాంతంలో బెంగుళూరులో వదిలినారు. వానాకాలంలో కొంత తింటుంది, అంతే. గాంగ్‌మన్ సోదరులు, నేటి భాషలో ట్రాక్ మెయింటెయినర్లు, వట్టి చేతులతో పీకుతున్నారు. ఇది మన శ్రామికుని నిజమైన ఎలర్జీ. దీనిని నిషేధించమని ఏ ఆఫీసరూ కాగితం కదపలేదు.

ప్రయాణికునికి వాసన పడకపోతే పెట్టె మారగలడు, తరువాతి స్టేషనులో దిగగలడు. కౌంటరు గుమాస్తా, సార్టరు, బ్రేక్‌వ్యానులోని గార్డు ఎక్కడికి పోగలరు? లేచి వెళ్ళే వీలు లేనివారి మాటకే ముందుగా విలువ ఇవ్వవలె. కావున యాజమాన్యం గాలిలో కలిపే ప్రతి పదార్థం మీద నిషేధం కోరుదాము. తోటి ఉద్యోగి ఒంటిమీది పరిమళం విషయంలో మర్యాదగా అడగడమే గాని చార్జిషీటు కూడదు. దేవుని పటానికి నూనె దీపం చాలు, ధూపం వరండాలో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఉబ్బసం లేదు గనుక, వైద్య ధ్రువపత్రం చూపినవారిని, వారే కోరితే తప్ప, బదిలీ చేయరాదని శాఖాపరమైన ఉత్తర్వు పొందవలసి వున్నది.

ముసాయిదా తీర్మానం మీ చేతులలో వున్నది. రెండవ పేరాలో "వ్యక్తిగత అలంకరణ" అన్న మాట తొలగించవలెనని మహిళా ప్రతినిధులు సవరణ ఇచ్చినారు. దానిని నేను అంగీకరిస్తున్నాను. చేతితొడుగులు, పూతకు ముందే కలుపు తీత, పార్సెలు షెడ్డులలో గాలి పంకాలు అనే అంశాలు రైల్వేలో పి.ఎన్.ఎమ్. అజెండాకు, తపాలాలో జె.సి.ఎమ్. సమావేశానికి పంపవలె. మిగిలిన సవరణలు భోజన విరామం లోపల అధ్యక్షులకు అందజేయగోరుతున్నాను.