మూసిన తలుపుల వెనుక ఆరాధన
(ప్రసంగ పాఠము)



పుదుచ్చేరి రైలు స్టేషనుకు సమీపమున నున్న తిరుహృదయ దేవాలయమును ఎరుగని ఉద్యోగి ఈ పట్టణములో ఉండడు. 1907లో నిర్మాణము పూర్తియైన ఆ గోతిక్ కట్టడమున పండుగనాడు కాలు మోపుటకు చోటు చిక్కదు. 2020 ఏప్రిల్ 12వ తేదీన ఈస్టరు వచ్చినది. కాని మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచిపోయి, ప్రార్థనాలయములన్నియు ప్రజలకు మూతపడియుండెను. మట్టల ఆదివారము, శుభ శుక్రవారము, ఈస్టరు, మూడింటిని విశ్వాసులు ఇండ్లలోనే గడపిరి.

అప్పుడు కొందరు భక్తుల నోట ఒక ప్రశ్న వెడలెను: దేవుని నమ్మినవారు వ్యాధికి జడిసి దేవుని మందిరమునకే తాళము వేయుట ఏపాటి విశ్వాసము? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అడిగినవారిలో మూఢులకంటె దుఃఖితులే అధికము. ఏండ్ల తరబడి ఒక్క ఆదివారమైనను తప్పని వృద్ధురాలికి తలుపు మూసినప్పుడు ఆమెకు సమాధానము చెప్పవలసిన బాధ్యత సంఘ పెద్దలకు కలదు. ప్రభుత్వపు ఉత్తరువును చూపుట చాలదు.

ఆ సమాధానము సువార్తలోనే కలదు. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయమున శోధకుడు యేసును దేవాలయ శిఖరముపై నిలిపి క్రిందికి దుముకుమని ప్రేరేపించును. దేవదూతలు ఎత్తి పట్టుకొందురని లేఖనమునే ఆధారముగ చూపును. యేసు దుమకడు. అపాయమును కోరి తెచ్చుకొని, రక్షింపుమని దేవుని నిలదీయుట విశ్వాసము కాదని దీని తాత్పర్యము. పైగా మహమ్మారి విషయమున దుమికినవాడు ఒంటరిగ పడడు. ప్రక్కవానిని కూడ లాగుకొని పోవును.

పూర్వులును ఈ సంకటమును ఎదుర్కొనిరి. 1576లో మిలాను నగరమున ప్లేగు ప్రబలగా ఆర్చిబిషప్పు చార్లెస్ బొరోమియో వీధి కూడళ్లలో బలిపీఠములు నిలిపించి, ఇండ్లలో నిర్బంధమున నున్నవారు కిటికీలనుండియే పూజలో పాల్గొనునట్లు చేసెను. సెల్ ఫోను తెరపై పూజ చూచుటకు ఆ కిటికీయే పూర్వరూపమనవచ్చును. 1527లో విట్టెన్‌బర్గులో ప్లేగు వ్యాపించినప్పుడు మార్టిన్ లూథరు పట్టణమును విడువక రోగులకు తోడుగ నిలిచెను. అయినను మందులు వాడవలెననియు, అవసరము లేని చోటికి పోయి ఇతరులకు రోగము అంటింపరాదనియు ఆ కాలముననే వ్రాసెను. గుంటూరు ప్రాంతమునుండి బదిలీపై వచ్చిన లూథరన్ కుటుంబములకు ఇది ఇంటి మాటయే. 1842లో ఫాదరు హయ్యరు గుంటూరు చేరి ఆరంభించిన పరిచర్య ఆ పరంపరలోనిదే కదా.

మందిరము మూతపడినను ఇల్లు మూతపడలేదు. తొలినాటి క్రైస్తవులకు వేరుగ కట్టిన మందిరములు లేవు. అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట సంఘము కూడుచుండెనని పౌలు లేఖల వలన తెలియుచున్నది. తెలుగు క్రైస్తవులకును కుటుంబ ప్రార్థన క్రొత్తది కాదు. సాయంకాలము చాప పరచి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి, చిన్నవారు వాక్యము చదువగా పెద్దవారు ప్రార్థించుట తరతరముల ఆచారము. బదిలీలతోను, పిల్లల పరీక్షలతోను, టెలివిజను సందడితోను సన్నగిల్లిన ఆ ఆచారము 2020లో పలు ఇండ్ల మరల మేల్కొనెను. జూమ్ కూడికలో అందరును కలసి పాడబోయినచో ఒకరి గొంతు మరియొకరికి ఆలస్యముగ చేరి, పల్లవి వచ్చి చరణముపై పడును. కనుక ఒక ఇంటివారు పాడగా తక్కినవారు మైకులు ఆపి తమలో తాము పాడుకొనవలసినదే. పురుషోత్తమ చౌదరి కీర్తనను అట్లు ఒంటరిగ పాడుకొన్నవారికి ప్రక్క బల్లమీది అపస్వరము సైతము ప్రియమైనదని అప్పుడు తెలిసెను!

పుదుచ్చేరి తెలుగువారికి మరియొక చిక్కు కలదు. యానాము ఇదే పాలనలోనిదైనను ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఇక్కడ ఉద్యోగి, అక్కడ తల్లిదండ్రులు. నడుమ టెలిఫోను తీగ తప్ప వేరు దారి లేదు. (తెలుగు క్రైస్తవునకు ఈ పట్టణము పరాయిది మాత్రము కాదు; తెలుగు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి పాదిరి కూర్దో 1779లో ఇచ్చటనే కన్నుమూసెను.)

వాటికను ఉత్తరువు ననుసరించి ఆ యేడు పవిత్ర గురువారమునాటి పాదప్రక్షాళన విడువబడెను. అయితే ఆ మహమ్మారి మాసములలో జిప్మరు వంటి వైద్యశాలలలో నర్సులును, ఆయాలును నిలువెల్ల కప్పుకొని, గంటల తరబడి గ్రుక్కెడు నీరు త్రాగక, ముక్కుమొగమెరుగని రోగుల ఒడలు తుడిచిరి. వారిలో క్రైస్తవులు కలరు, కానివారును కలరు.

అన్నింటికంటె బరువైన సంగతి మరణము. చెన్నైలో నాడీ శస్త్రవైద్యుడు డాక్టరు సైమన్ హెర్క్యులిస్ 2020 ఏప్రిల్ 19న కొవిడ్‌తో మరణింపగా, ఆయన ఖననమును అడ్డుకొని గుంపు రాళ్లు రువ్వెను. తోటి వైద్యుడు తానే పార పట్టి మన్ను కప్పవలసివచ్చెను. ఆ సమాధికడ భార్యాబిడ్డలు లేరు. మృతదేహము వలన ఊరికి రోగము సోకునను భయము శాస్త్రసమ్మతము కాదు. జాగ్రత్తలతో ఖననము చేయవచ్చునని కేంద్ర ఆరోగ్య శాఖ అంతకుముందే మార్గదర్శకములు వెలువరించియుండెను. 2021లో రెండవ కెరటము వచ్చెను. పుదుచ్చేరి–కడలూరు విశ్రాంత ఆర్చిబిషప్పు ఆంటొని ఆనందరాయరు ఆ మే 4న కొవిడ్ వాతబడిరి. మేత్రాసనమునే పాలించినవారి గతి అదియైనప్పుడు, వ్యాధి సోకినది భక్తి కొరవడినందుననే అను మాట నిలువదు. అట్టి మాట పలికి దుఃఖితుని మరింత క్రుంగదీసిన బోధకులు లేకపోలేదు, అది క్రూరము. లాజరును లేపుటకే వచ్చిన యేసు సయితము సమాధిచెంత కన్నీరు విడిచెను. ఓదార్చువారు ముందు దుఃఖించుట నేర్వవలెను.

2020 జూన్ 8 నుండి ప్రార్థనాలయములు తెరచుటకు కేంద్రము అనుమతించినను, గాయక బృందములు పాడరాదనియు, తీర్థము చల్లరాదనియు నియమములుండెను. క్రమముగ అవియు తొలగెను. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యయిక స్థితి ముగిసినదని ప్రకటించెను. కాని అంత్యక్రియలకు నోచుకొనని కుటుంబముల లెక్క ముగియలేదు. నవంబరు 2న సమాధుల పండుగ వచ్చుచున్నది. ఆ రెండేండ్లలో అయినవారు లేకుండ పాతిపెట్టబడినవారి పేర్లు సేకరించి, ఆ నాడు బిగ్గరగ చదివి ప్రార్థించుట ప్రతి సంఘమునకును సాధ్యమే. ఇంకను ఫోను తెరముందే ఆదివారము గడపు వృద్ధులు కలరు. వారిని సోమరులనుటకు ముందు ఒకరు ఆటోలో పోయి వెంటబెట్టుకొని రావలెను. మోకాళ్లు సహకరింపనివారికి పాదిరిగారే ఇంటికి పోయి సత్ప్రసాదము ఇచ్చెదరు. వారి యింటి దారి చూపుటకు ఒకరు తోడు పోయిన చాలును.