మందు కల్లు తాగే చెల్లెను ముందు అడగాల్సిన మాట



పొదుపు, అప్పుల లెక్కలన్నీ ఈ పుస్తకంలోనే ఉన్నాయి. లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్పడానికి మేం నిలబడ్డాం.

మన తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లూ కల్లు తాగుతారు. చెట్టు కల్లు వేరు, అల్ప్రాజోలం, డైజోఫాం కలిపిన మందు కల్లు వేరు. మందు కల్లు అలవాటైతే అది దొరకని రోజు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ కూడా వస్తాయి.

మా సంఘంలో ఒక చెల్లెకు ఇట్లనే అలవాటైంది. ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాం, పేరు చెప్పం. మీటింగుకు తూలుతూ వచ్చిందని జరిమానా వేశాం. తర్వాత రావద్దన్నాం. నెలసరి ఎప్పుడూ సరిగ్గా రాదు కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. గర్భమని ఐదో నెలలో తెలిసింది. ఆసుపత్రికి పోతే అందరూ తిడతారని ఇంకో నెల దాచింది. ఆ భయం మేం పెట్టిందే.

ఆమె వెంట ఆసుపత్రికి పోయి నేర్చుకున్నవి చెబుతాం, వినండి.

నెలసరి సరిగ్గా రాకపోయినా గర్భం రావచ్చు. అనుమానం ఉంటే ఆశా అక్కను పరీక్ష కిట్టు అడగండి. రోజూ మాత్ర వేసుకోవడం గుర్తుండనివాళ్లకు 3 నెలలకోసారి వేసే అంతర సూది ఉంది, కాపర్ టీ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండూ ఉచితమే. ఇవి సుఖవ్యాధులను ఆపవు, వాటికి నిరోధ్ కావాలి. ఏ జాగ్రత్తా లేకుండా కలిస్తే 72 గంటల్లోపు అత్యవసర మాత్ర వేసుకోవచ్చు.

గర్భమని తెలియగానే మందు కల్లు ఒక్కసారే మాన్పించకండి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. డాక్టరు చూసి మెల్లమెల్లగా తగ్గించాలి. సలహా కోసం 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

"తాగేదానికి పిల్లలెందుకు, ఆపరేషన్ చేయించెయ్యండి" అని మాలోనే కొందరన్నారు. ఆ నిర్ణయం ఆమెది. మత్తులో ఉన్న మనిషితో వేలిముద్ర వేయిస్తే అది ఒప్పుకోవడం కాదు.

చెల్లెకు బిడ్డ పుట్టింది. కాన్పు తర్వాత తనే అడిగి కాపర్ టీ వేయించుకుంది. కల్లు పూర్తిగా మానలేదు, తగ్గించింది. మళ్లీ పొదుపు కడుతోంది. జరిమానా పైసలు ఆమెకు తిరిగిచ్చాం.

మా తీర్మానాల పుస్తకంలో ఇట్ల రాసుకున్నాం: తాగిందని ఏ సభ్యురాలినీ వెళ్లగొట్టం. చాటుకు పిలిచి "పానం ఎట్లుంది? నెలసరి వచ్చిందా? తోడు రావాలా?" అని అడుగుతాం.

మీ సంఘాల్లో కూడా ఈ మాట రాసుకోండి.