ఎడమ తలుపు అద్దం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1986 టెన్త్ బ్యాచ్ తరఫున ఎవరో ఒకరు పది నిమిషాలు మాట్లాడాలన్నారు. మావాళ్ళు నన్ను ముందుకు తోశారు. పుణేలో ఇరవై ఎనిమిదేళ్ళుగా వాహనాల వైరింగు, మోటార్ల పనిలో ఉన్నాను కాబట్టి ఎలక్ట్రిక్ కార్ల గురించి చెబుతానని కార్యదర్శి గారు అనుకున్నట్టున్నారు. నేను ఒక పాత వ్యాను కిటికీ గురించి చెబుతాను. ఆ వ్యాను పొద్దుటి నుంచి మన బడి గేటు పక్కనే ఉంది. మీరు కూర్చున్న కుర్చీలు అందులోనే వచ్చాయి.

అది టాటా 407. మేం టెన్త్ రాసిన 1986లోనే ఆ మోడల్ బజారులోకి వచ్చింది. మా బ్యాచ్‌మేటు ఒకడికి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. వాళ్ళ నాన్నగారు 1991లో కొన్న బండి ఇది. 1996 నవంబరు 6 తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తోటలకు తోటలు నేలమట్టమయ్యాయి, దింపుకి కాయ లేదు, ఒలుపు వాళ్ళకి పని లేదు. అప్పుడు ఈ బండే ఇటుకా, ఇసుకా, ఇంటి రేకులూ మోసి ఆ ఇల్లు నడిపింది. అందుకే వాడు దీన్ని అమ్మడు. ఏటా ఎఫ్‌సీ చేయించుకుంటూ దగ్గర లోడ్లకే వాడుతున్నాడు. ఇంట్లోవాళ్ళు మొత్తుకుంటారు గాని, ఆ లెక్క వేరు, మనం జోక్యం చేసుకోకూడదు.

బండికి రెండు తలుపులు, రెండు అద్దాలు, రెండు హ్యాండిళ్ళు. కుడివైపుది డ్రైవరుది. ఎడమవైపుది క్లీనరుది. ఆ రోజుల్లో క్లీనరు లేని బండి ఉండేది కాదు. ఎడమ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, తలుపు రేకు మీద అరచేత్తో చరుస్తూ "రైట్, రైట్, పోనీ" అని అరిచే కుర్రాడు లేకపోతే మన సందుల్లో బండి తిరగదు. ఎడమ అద్దం దించడం, ఎత్తడం వాడి పని. ఇప్పుడు చిన్న బళ్ళకి క్లీనర్లు లేరు. జీతం గిట్టదు, కుర్రాళ్ళూ రారు. ఒక్క డ్రైవరే. ఆయన సీట్లోంచి ఎడమ తలుపు హ్యాండిల్ అందదు. బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి తిప్పాలి. వానలో ఎవడు దిగుతాడు? అద్దం మూసే ఉంటుంది.

గత ఏడాది శ్రావణంలో జరిగింది చెబుతాను. కాలువగట్టు మీద ఎదురుగా బస్సు వచ్చింది. మావాడి బండి వెనక్కి పోవాలి. ఎడమ పక్క కాలువ. ఎడమ అద్దం మూసి ఉంది, లోపల ఆవిరి పట్టేసింది, బయట అద్దం మీద వాన ధార. సైడు మిర్రర్ కనబడలేదు. గట్టు మీద ఎవరో కేకేశారట, అదీ వినబడలేదు. వెనక ఎడమ చక్రం గట్టు అంచు దిగింది. బండి కాలువ వైపు ఒరిగి, దేవుడి దయవల్ల ఒక తాడిమొద్దుకి ఆనుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు మావాడు నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ కార్లకి మోటార్లు తయారు చేశావు, నా బండికి పవర్ విండోలు పెట్టించరా" అన్నాడు.

సంక్రాంతి సెలవులకి వస్తూ రెండు తలుపులకి సరిపడే కిట్టు తెచ్చాను. ఇలాంటి కిట్లలో రెండు రకాలు. ఒకటి, లోపలున్న పాత రెగ్యులేటర్ తీసేసి దాని బదులు కొత్తది బిగించేది. దీనికి తలుపు లోపలి రేకు కొంత కోయాల్సి రావచ్చు. రెండోది, పాత రెగ్యులేటర్ అలాగే ఉంచి, హ్యాండిల్ తగిలించే పళ్ళ కడ్డీనే మోటారు చేత తిప్పించేది. నేను రెండోదే తెచ్చాను. ముప్పై ఏళ్ళు దాటిన తలుపు రేకుని ఉప్పుగాలి అప్పటికే సగం తినేసింది, మనం కూడా కోయడం దేనికి?

డోర్ ప్యాడ్ విప్పి చూస్తే తలుపు అడుగున అరచెయ్యంత మందాన మట్టి, కొబ్బరి పీచు పేరుకుని ఉన్నాయి. అద్దం మీద పడిన వాన నీరు తలుపు లోపలికే దిగుతుంది, అది సహజం. అడుగున ఉండే చిల్లుల్లోంచి బయటికి పోవాలి. ఆ చిల్లులు పూడిపోయాయి, రేకు లోపలి నుంచి కుళ్ళుతోంది. ముందు ఆ చిల్లులు పొడిచి, కడిగి, ఆరబెట్టి, రెడాక్సైడు కొట్టాం. రెగ్యులేటర్ పళ్ళు మూడు అరిగిపోతే అమలాపురంలో లేత్ షాపులో వెల్డింగు పోసి, ఆకురాయి పెట్టించాం. ఒక పూట అంతా దీనికే పోయింది. మోటారు బిగించడానికి పట్టింది గంటన్నర.

ఇక్కడ ముందు వరసలో కూర్చున్న మా సైన్సు మాస్టారి కోసం ఒక లెక్క. అద్దం 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, 5 మిల్లీమీటర్ల మందం అనుకుందాం. బరువు సుమారు 3.4 కిలోలు. దాన్ని 45 సెంటీమీటర్లు పైకెత్తడానికి చేయాల్సిన పని 15 జౌళ్ళు. అయిదు సెకన్లలో ఎత్తితే కావలసిన సామర్థ్యం 3 వాట్లు. కాని మోటారు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 60 వాట్లు. మిగతా 57 వాట్లు ఎక్కడికి పోయాయి మాస్టారూ? కొంత మోటారు వేడికి, కొంత గేరులోకి, మిగిలింది అద్దానికి ఇరువైపులా ఉండే రబ్బరు ఛానల్ రాపిడికి. మేం మొదటిసారి స్విచ్చి నొక్కినప్పుడు క్లాంప్ మీటరు 11 ఆంపియర్లు చూపించింది. ఎండి బిరుసెక్కిన ఛానల్ తీసి కొత్తది వేసి, సిలికాన్ స్ప్రే కొడితే అయిదుకి దిగింది. ఇంజిన్ ఆయిల్ మాత్రం రాయకండి. మెకానిక్కులు చాలామంది రాస్తారు, నాలుగు రోజులు బాగానే జారుతుంది, తరవాత రబ్బరు ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది. పవర్ విండో మోటారు కాలిపోయిందంటూ నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ భాగానికి అసలు జబ్బు రబ్బరే.

వైరు గురించి కూడా చెప్పాలి. బ్యాటరీ నుంచి తలుపు దాకా రానూపోనూ ఆరు మీటర్లు అనుకోండి. బజార్లో చవగ్గా దొరికే 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.4 వోల్టులు వైరులోనే పోతాయి. 2.5 వైరు వాడితే 0.4 మాత్రమే. ఎర్తు కోసం తలుపు కీలుని నమ్ముకోకూడదు, తుప్పు పట్టిన కీలు కరెంటుని సరిగా పోనివ్వదు. విడిగా వైరు లాగాం. బ్యాటరీ దగ్గరే 20 ఆంపియర్ల ఫ్యూజు, మధ్యలో రిలే. పెద్ద లారీలున్నవాళ్ళకి ఒక మాట. మీ బళ్ళకి చాలావరకు రెండు బ్యాటరీలు, 24 వోల్టులు. టేపురికార్డరుకి లాగినట్టు ఒక్క బ్యాటరీ మీద నుంచే 12 వోల్టులు లాగకండి. ఒకటి ఎప్పుడూ అరకొరగా, రెండోది ఎక్కువగా చార్జయి రెండూ పాడవుతాయి. 24 వోల్టుల మోటారు కొనండి, లేదా కన్వర్టరు పెట్టండి.

ఎడమ తలుపు పూర్తయ్యింది. డ్రైవరు బాబాయి సీట్లో కూర్చుని స్విచ్చి నొక్కి అద్దం పైకీ కిందికీ పదిసార్లు ఆడించాడు. ఆయనకి అరవై మూడేళ్ళు, ఈ బండి మీద ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్నాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. సరే, కుడి తలుపు ప్యాడ్ విప్పుదామని స్క్రూడ్రైవర్ తీశాను. ఆయన హ్యాండిల్ మీద చెయ్యి పెట్టాడు.

"ఇది ఉంచెయ్యండి ఇంజినీరు గారూ."

"అదేం బాబాయ్, కిట్టులో రెండు మోటార్లున్నాయి, రెండూ పెట్టేద్దాం" అన్నాడు మావాడు.

"నీళ్ళల్లో పడ్డాక స్విచ్చి నొక్కితే పలుకుద్దంటారా అండి?" అని నన్ను అడిగాడు.

అప్పుడు చెప్పాడు. ముప్పై ఏళ్ళ కిందట, ఇంకో యజమాని దగ్గర పనిచేస్తున్నప్పుడు, రాత్రిపూట లోడుతో వస్తూ బండి కాలువలో పడిందట. లైట్లు ఆరిపోయాయి. తలుపు తోస్తే రాలేదు. చీకట్లో చేత్తో తడుముకుంటే హ్యాండిల్ దొరికింది. అద్దం దించి, ముందు క్లీనరు కుర్రాణ్ణి జుట్టు పట్టుకుని బయటికి తోసి, తరవాత తను వచ్చాడు. "ఆ హ్యాండిల్ ఎన్ని తిప్పులు తిప్పానో ఇప్పటికీ లెక్క చెప్పగలనండి, ఆయ్" అన్నాడు.

మావాడికి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. ఇరవై రెండేళ్ళు కలిసి పనిచేశారు.

ఆయన ప్రశ్నకి జవాబు చెప్పాను. నీళ్ళల్లో పడగానే పవర్ విండో చచ్చిపోతుందని లేదు. కొన్ని క్షణాలు, ఒక్కోసారి ఇంకాసేపు పనిచేయవచ్చు. కాని ఇది పాత బండి, ఎన్నో అతుకుల వైరింగు. బురదనీరు ఫ్యూజుల్లోకి, స్విచ్చిలోకి వెళితే ఏ క్షణంలో ఆగుతుందో చెప్పలేం. రెండోది, నీటి ఒత్తిడి. ఇందాకటి అద్దానికే బయట పై అంచు దాకా నీరు వచ్చి, లోపల ఇంకా నీరు చేరకపోతే, అద్దాన్ని సుమారు 60 కిలోల బరువు లోపలికి నొక్కుతుంది. తలుపు మొత్తం మీద ఒత్తిడి వందల కిలోల్లో ఉంటుంది, అందుకే తలుపు తోస్తే రాదు. అద్దం ఛానల్‌కి అతుక్కుపోతుంది. మామూలుగానే రాపిడితో పోరాడే మోటారు అప్పుడేం లాగుతుంది? హ్యాండిల్ కూడా బిగుసుకుంటుంది గాని, ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషి చేతికి వచ్చే బలం ఫ్యూజుకి రాదు. ఏ బండైనా సరే, నీళ్ళల్లో పడగానే నీరు అద్దం దాకా రాకముందే మొదటి పనిగా బెల్టు తీసి అద్దం దించాలి. తలుపుతో కుస్తీ పడుతూ కూర్చోకూడదు.

మరి మోటారు పెట్టి, హ్యాండిల్ కూడా ఉంచవచ్చు కదా అన్నాడు మావాడు. మంచి ప్రశ్నే. కుదరదు. ఈ మోటారులో వార్మ్ గేరు ఉంటుంది, అంటే మరచుట్లున్న ఒక కడ్డీ పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. కడ్డీ తిరిగితే చక్రం తిరుగుతుంది, చక్రాన్ని ఎంత తోసినా కడ్డీ తిరగదు. అందుకే కరెంటు లేకపోయినా అద్దం జారిపోదు, బయటినుంచి దొంగ నొక్కినా దిగదు. ఆ గుణమే చేతిని కూడా అడ్డుకుంటుంది. ఒక తలుపుకి ఒకటే, మోటారో హ్యాండిలో. కనక ఎడమ వైపు మోటారు, కుడి వైపు హ్యాండిల్. ఎడమది డ్రైవరుకి అందదు కాబట్టి మోటారు కావాలి. కుడిది ఆయన చేతికిందే ఉంది, మోటారుతో ఒరిగేదేమీ లేదు. కుడి తలుపుకి కూడా కొత్త ఛానల్ వేసి, హ్యాండిల్‌కి గ్రీజు పెట్టి, రెండు వేళ్ళతో తిరిగేలా చేశాం. ఎడమ పక్కన కూర్చునేవాళ్ళ కోసం సీటు వెనక ఒక మొనసుత్తి బిగించాం. పక్క అద్దం టఫెన్డ్ గాజు, మూల మీద మొనతో కొడితే పొడిపొడిగా రాలిపోతుంది. ముందు అద్దం లామినేటెడ్ అయితే అలా రాలదు, దాని జోలికి పోవద్దు.

స్విచ్చి కూడా చూసి కొనాలి. కిట్టుతో వచ్చింది, ఊయలబల్లలా ఒక పక్క నొక్కితే పైకి, రెండో పక్క నొక్కితే కిందికి వెళ్ళే రకం. పిల్లవాడు కిటికీలోంచి తల పెట్టి, మోకాలు స్విచ్చి మీద ఆనిస్తే అద్దం మెడకి బిగుసుకుంటుంది. అమెరికాలో ఇలా పిల్లలు చనిపోయాకే, వేలితో పైకి లాగితేనే అద్దం మూసుకునే స్విచ్చిలు ఉండాలని నిబంధన పెట్టారు. మనం బడి పిల్లల్ని వ్యాను క్యాబిన్‌లో ఎక్కించుకునే జనం. ఆ స్విచ్చి పక్కన పడేసి లాగే రకం కొన్నాను. తలుపు మీద కాకుండా డాష్‌బోర్డు మీద, డ్రైవరు ఎడమచేతి దగ్గర పెట్టాం, తాళంచెవి తిప్పి ఉంటేనే పనిచేసేలా కలిపాం. చవక కిట్లలో, అడ్డు తగిలితే దానంతటదే వెనక్కి దిగే ఏర్పాటు ఉండదు, అది గుర్తుంచుకోండి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద సరుకు బళ్ళన్నిటికీ డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. చాలా ఏళ్ళ కిందటే రావలసింది, ఇంజిన్ పక్కన కూర్చుని మగ్గిపోయే డ్రైవర్లకి అది కనీస మర్యాద. అయితే ఏసీ ఉంటే అద్దాలు ఎప్పుడూ మూసే ఉంటాయి, గట్టు మీది కేక వినబడదు. ఆ బళ్ళకి వెనక కెమెరా పెట్టించుకోండి.

మొత్తం ఖర్చు ఛానళ్ళు, లేత్ పని, వైరు, స్విచ్చితో కలిపి ఏడు వేల లోపే అయింది. రెండో మోటారు డబ్బాలోనే, బండి సీటు కింద ఉంది. కుడివైపుది కాదు గాని, ఎడమ తలుపుకి కావాలంటే ఎవరైనా పట్టుకెళ్ళవచ్చు, పళ్ళ కడ్డీ కొలత మాత్రం చూసుకోవాలి. భోజనాలయ్యాక డ్రైవరు బాబాయి బండి దగ్గరే ఉంటాడు. రెండు అద్దాలూ దింపి చూపిస్తాడు.