ఆ ముడి అమ్మమ్మ కడుపునాటిది



ఈ వేళ నేను చెప్పబోయేది జన్యువుల మార్పిడి గురించి, ఆ మార్పిడిలో పడిన ముడులను విడదీసే ఎంజైముల గురించి. పదో తరగతితో చదువు ఆగిపోయినదానికి ఈ పెద్ద సంగతులు ఎందుకమ్మా అంటారేమో! మా ఇంట్లో జరిగిన ఒక విషయమే నన్ను ఇందులోకి లాక్కొచ్చింది.

రెండేళ్ళ కిందట మా చిన్న తోటికోడలికి మూడో నెలలో గర్భం పోయింది. మనిషి మంచం దిగనేలేదు, చూడవచ్చినవాళ్ళు మొదలుపెట్టారు. "బొప్పాయిపండు తిన్నావటగా?" అని ఒకరు, "నిండుబిందె ఎత్తొద్దంటే విన్నావు కాదు" అని ఇంకొకరు. దాచడమెందుకు, నేనూ ఒక మాట అన్నాను. ఆ పిల్ల బదులు చెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి బి.యస్సీ చదువుతున్న మా అమ్మాయి తన పుస్తకం నా ముందు పెట్టి, "అమ్మా, ఇది చదివాక మాట్లాడు" అంది. ఆ పుస్తకంలో నాకు అర్థమైనది మీకు చెబుతాను.

మన కణాల్లో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. జతలో ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. అండం తయారయ్యేటప్పుడు ప్రతి జతలోంచీ ఒక్కటే అందులోకి వెళ్ళాలి. అయితే అది ఉన్నదున్నట్టు వెళ్ళదు. ముందుగా జతలోని రెండూ దగ్గరికి చేరి కొన్ని ముక్కలు మార్చుకుంటాయి. మల్లెదండ సగానికి, కనకాంబరాల దండ సగం కలిపి కట్టినట్టన్నమాట. ఒక తల్లి పిల్లలే అయినా ఒకరి పోలిక ఒకరికి లేకపోవడానికి ఇదొక కారణం. 1931లో హారియట్ క్రైటన్, బార్బరా మెక్‌క్లింటాక్ అనే ఇద్దరు స్త్రీలు అమెరికాలో మొక్కజొన్న మీద పరిశోధన చేసి, క్రోమోజోములు నిజంగానే ఇలా ముక్కలు మార్చుకుంటాయని రుజువు చేశారు.

ఈ మార్పిడి ఎలా జరుగుతుంది? డి.యన్.ఏ. అంటే రెండు పోగులు పేనిన దారం అనుకోండి. ఒక ఎర్ర ఊలుదారం, ఒక తెల్ల ఊలుదారం పక్కపక్కన పెట్టుకోండి. ముందు ఒక ఎంజైము కావాలనే ఎర్రదారాన్ని ఒకచోట తెంపుతుంది. తెగిన పోగు తనలాంటి వరసను వెతుక్కుంటూ తెల్లదారంలోకి దూరుతుంది. తెల్లపోగు ఇటు వచ్చి ఎర్రదానితో జతకడుతుంది. అలా నాలుగు పోగులు కలిసి ఒక నాలుగుదారుల కూడలి ఏర్పడుతుంది. ఇలాంటి కూడలి ఉండాలని 1964లో ఊహించి చెప్పినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ హాలిడే. అందుకే దానికి హాలిడే కూడలి అని పేరు. సెలవురోజుకీ దానికీ ఏమీ సంబంధం లేదు లెండి!

ఆ ముడిని అలాగే వదిలేస్తే దారాలు రెండూ విడిపోలేవు. ఇక్కడ కత్తెర పట్టుకునేవి ఎంజైములు. ఎంజైములు మనకు కొత్తవి కావు. అన్నం ముద్ద నమిలినకొద్దీ తియ్యగా అవుతుందే, అది లాలాజలంలోని ఎంజైము చేసే పనే. కూడలి దగ్గర ఉండే ఎంజైము నాలుగు పోగుల్లో ఎదురెదురుగా ఉన్న రెంటిని సరిసమానంగా కత్తిరిస్తుంది. కోసిన కొసల్ని మరో ఎంజైము అతుకుతుంది. ఒక జత పోగుల్ని కోస్తే ఎర్రది ఎర్రగా, తెల్లది తెల్లగా, నడుమ చిన్న అతుకుతో మిగులుతాయి. రెండో జతను కోస్తే అక్కడినుంచి ఎర్రదానికి తెల్ల కొస, తెల్లదానికి ఎర్ర కొస వస్తాయి. మనుషుల కణాల్లో జెన్1 అనే ఇలాంటి కత్తెరను 2008లో కనుక్కున్నారు. అండం తయారీలో మాత్రం ఎమ్మెల్‌హెచ్1, ఎమ్మెల్‌హెచ్3 అనే జంటదే ముఖ్యమైన పాత్ర. అది ముక్కలు మారేవైపే కోస్తుంది.

ముక్కలు మారిన ఆ చోటే, పంపకం వేళదాకా జతను కలిపి ఉంచుతుంది. అసలు మార్పిడే జరగని జత, ఎక్కడో చివరన మాత్రమే జరిగిన జత, పంపకంలో దారితప్పే ప్రమాదం ఉంది. అప్పుడు అండంలో ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో అవుతుంది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి ఇలాంటి లెక్క తప్పడమే కారణం.

ఇంతకీ ఈ కోతా అతుకూ ఎప్పుడు జరుగుతాయనుకున్నారు? ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే! ఆ పిల్ల పుట్టకముందే అండాలలో మార్పిడి ముగిసిపోతుంది. ఆపైన అవి ఏళ్ళ తరబడి అలా నిలిచి ఉంటాయి. అండం పక్వానికి వచ్చినప్పుడుగాని పంపకం మొదలుకాదు. అంటే మీ అమ్మాయిగా పుట్టిన అండంలోని ముడి, మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడు పడి, అప్పుడే తెగింది. వయసు పెరిగినకొద్దీ జతను పట్టి ఉంచే ప్రోటీన్లు సడలుతాయి. ముప్పై అయిదు దాటాక ఇబ్బందులు పెరగడానికి అదొక కారణం. మగవారి కణాల్లోనూ మార్పిడి ఉంది, పొరపాట్లూ ఉన్నాయి. వారికి అది యుక్తవయసు నుంచి జరుగుతూనే ఉంటుంది.

మరి ఇందులో బొప్పాయిముక్క చేసిందేమిటి? నీళ్ళబిందె చేసిందేమిటి? క్రోమోజోముల లెక్క మార్చే శక్తి వాటికి లేదు. గర్భం పోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. అందుకే రెండుసార్లు అలా జరిగితే భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పరీక్ష ఆమె ఒక్కదానికే అనడం న్యాయం కాదు.

పుస్తకం మూసి మర్నాడే మా తోటికోడలి దగ్గరికి వెళ్ళాను. "నేనన్న మాట తప్పమ్మా, నీవల్ల జరిగింది కాదు" అన్నాను. "అక్కయ్యా, ఆ బిందె నేను ఎత్తనే లేదు" అంది. నేను అడగనైనా లేదు గదా అని అప్పుడు తోచింది. పరామర్శకు వెళ్ళినప్పుడు మీరు మాత్రం ముందు ఆ మనిషి చెప్పేది వినండి.